పాఠం: అమ్మమ్మ థైరాయిడ్ రిపోర్టు

పిల్లలూ, అమ్మమ్మో నానమ్మో పొద్దున్నే పరగడుపున ఒక చిన్న మాత్ర వేసుకోవడం మీలో కొందరు చూసే ఉంటారు. అది థైరాయిడ్ మాత్ర కావచ్చు. రక్త పరీక్ష రిపోర్టేమో ఇంగ్లీషులో వస్తుంది. "ఇందులో ఏముందో చెప్పు నాన్నా" అని అడిగితే తెలుగులో ఎలా చెప్పాలో నేర్చుకుందాం.

థైరాయిడ్ మెడ ముందు భాగంలో, సీతాకోకచిలుక ఆకారంలో ఉండే గ్రంథి. అది టీ4, టీ3 అనే హార్మోన్లు తయారుచేస్తుంది. శరీరం ఎంత వేగంగా పనిచేయాలో ఇవే చెబుతాయి.

మరి టీఎస్‌హెచ్? దాన్ని థైరాయిడ్ తయారుచేయదు. మెదడు కింద బఠాణీ గింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. "పనిచెయ్యి" అని అది థైరాయిడ్‌కి పంపే పిలుపే టీఎస్‌హెచ్.

అమ్మ అన్నానికి పిలిచిందనుకోండి. ఒక్క పిలుపుకే వస్తే మళ్ళీ అరవదు. మీరు కదలకపోతే గొంతు పెంచుతుంది కదా! ఇదీ అంతే.

• టీఎస్‌హెచ్ ఎక్కువ, టీ4 తక్కువ: థైరాయిడ్ మందకొడిగా ఉంది. నీరసం, చలి, బరువు పెరగడం ఉండవచ్చు.
• టీఎస్‌హెచ్ తక్కువ, టీ4 ఎక్కువ: థైరాయిడ్ అతిగా పనిచేస్తోంది. గుండె దడ, చేతుల వణుకు, బరువు తగ్గడం ఉండవచ్చు.
• టీఎస్‌హెచ్ కాస్త ఎక్కువ, టీ4 మామూలే: డాక్టరు కొన్నాళ్ళకు మళ్ళీ పరీక్ష చేయిస్తారు.

పెద్దవాళ్ళకు టీఎస్‌హెచ్ సుమారు 0.4 నుంచి 4 వరకు ఉంటే మామూలు. ల్యాబును బట్టి, వయసును బట్టి ఇది కొంచెం మారుతుంది. అందుకే రిపోర్టులో పక్కనే రాసి ఉన్న అంకెలతో పోల్చాలి.

గుర్తుంచుకోండి
1. మాత్ర మంచినీళ్ళతో వేసుకోవాలి. కాఫీ, టిఫిన్ అరగంట నుంచి గంట తర్వాతే. క్యాల్షియం, ఐరన్ మాత్రలకు 4 గంటల తేడా ఉండాలి.
2. జుట్టు కోసం బయోటిన్ వాడుతుంటే పరీక్షకు ముందే డాక్టరుకు చెప్పాలి. దానివల్ల అంకెలు తప్పుగా రావచ్చు.
3. రిపోర్టు చదివిపెట్టడం మన పని. మాత్ర పెంచడం, తగ్గించడం, మానెయ్యడం డాక్టరు చెప్తేనే.

మీకు తెలుసా? అమెరికా, బ్రిటన్‌లలో పుట్టిన పిల్లలకు మొదటి వారంలోనే మడమ నుంచి రక్తపు చుక్క తీసి థైరాయిడ్ పరీక్ష చేస్తారు. లోపం ఉంటే అప్పుడే మందు మొదలుపెడితే మెదడు ఎదుగుదల దెబ్బతినదు.

కొత్త మాటలు
పరగడుపున: పొద్దున్న ఏమీ తినకముందు
మందకొడిగా: చాలా నెమ్మదిగా
మడమ: పాదం వెనక భాగం

అభ్యాసం
1. ఒక రిపోర్టులో టీఎస్‌హెచ్ 9.2, టీ4 తక్కువ. థైరాయిడ్ ఎలా పనిచేస్తోంది? ఎందుకలా అనుకుంటున్నారు?
2. "అంకె పెరిగింది కదా, రేపట్నుంచి రెండు మాత్రలు వేసుకోనా?" అని అమ్మమ్మ అడిగింది. మీరేం చెబుతారు? "మీరు" అంటూ మర్యాదగా రెండు వాక్యాలు రాయండి.