ముందు గండి పూడ్చాలి!



మన పటమట పక్కనే బెంజి సర్కిల్ ఉంది. బందరు రోడ్డు, చెన్నై - కోల్‌కతా జాతీయ రహదారి అక్కడే కలుస్తాయి. ఎక్కడైనా ప్రమాదం జరిగితే చుట్టూ మూగినవారు తరచు అనే మాట, "సెలైన్ పెడితే లేస్తాడు" అని. ఇది సగమే నిజం. ఎందుకో తెలుసుకుందాం.

పెద్దవారి శరీరంలో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. అది తగ్గితే గుండె వేగంగా కొట్టుకుంటుంది. చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని, ఉన్న రక్తాన్ని మెదడుకు, గుండెకు మళ్లిస్తాయి. అందుకే ఒళ్లు చల్లబడి చెమటలు పడతాయి.

రక్తం పోయే కొద్దీ కనిపించే లక్షణాలు:

* 750 మి.లీ. వరకు: పెద్దగా తేడా తెలియదు.
* 750 - 1500 మి.లీ.: నాడి నిమిషానికి 100 దాటుతుంది. దాహం, కంగారు.
* 1500 - 2000 మి.లీ.: రక్తపోటు పడిపోతుంది. తెలివి తడబడుతుంది.
* 2000 మి.లీ. దాటితే: ప్రాణాపాయం.

అంటే బి.పి. బాగుందని ధీమా పడకూడదు. ముఖ్యంగా కుర్రవాళ్లలో అది ఆలస్యంగా పడిపోతుంది.

సెలైన్ అంటే లీటరుకు 9 గ్రాముల ఉప్పు కలిపిన శుద్ధమైన నీరు. కలరాలో పోయేది నీరు, లవణాలు. కనుక 1832లో థామస్ లాటా అనే స్కాట్లండ్ వైద్యుడు కలరా రోగులకు ఉప్పునీటిని నరంలోకి ఎక్కించాడు. గాయంలో పోయేది రక్తం. సెలైన్‌లో ప్రాణవాయువును మోసే ఎర్రకణాలు లేవు, రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలూ లేవు. ఎక్కువైతే ఉన్న రక్తం పలచబడుతుంది. ఒత్తిడి పెరిగి, అప్పుడే కట్టిన గడ్డ ఊడిపోవచ్చు.

అమెరికాలోని హ్యూస్టన్‌లో ఛాతీకి, పొట్టకు కత్తి, తూటా గాయాలైన వారిని పరిశీలించి 1994లో ఫలితాలు ప్రకటించారు. వెంటనే నరంలోకి ద్రవాలు ఎక్కించిన వారిలో 62 శాతం, ఆపరేషన్ దాకా ఆపిన వారిలో 70 శాతం బతికారు. అలాగని సెలైన్ పనికిరాదని కాదు. రక్తం అందేదాకా ప్రాణం నిలిపేందుకు ఎంత కావాలో వైద్యులు నిర్ణయిస్తారు.

మన డెల్టా బిడ్డలకు ఇది తెలియనిది కాదు. కాలువకు గండి పడితే ముందు గండి పూడుస్తాం, తర్వాతే నీరు వదులుతాం.

మనం చేయవలసినవి:

1. వెంటనే 108కి ఫోన్ చేయాలి.
2. శుభ్రమైన గుడ్డతో గాయాన్ని గట్టిగా అదిమి పట్టాలి. తడిస్తే తీయకుండా పైన మరొకటి వేయాలి.
3. పడుకోబెట్టి దుప్పటి కప్పాలి.
4. నోట్లో నీళ్లు, సోడా పోయకూడదు.

చివరిగా ఒక మాట. రక్తం ఏ ఫ్యాక్టరీలోనూ తయారు కాదు. 18 ఏళ్లు నిండి, 45 కిలోల బరువుండి, ఆరోగ్యంగా ఉన్న పూర్వ విద్యార్థులు రక్తదానానికి ముందుకు రావాలి. తమ్ముళ్లూ, మీకు ఇంకా వయసు రాకపోయినా, గాయాన్ని అదిమి పట్టే చేతులు మీకూ ఉన్నాయి!