సూరత్‌లోని మేనకోడలికి మొదటి కెమెరా గురించి

సిరిసిల్ల

చి.సౌ. శ్రావణికి మీ మామ దీవించి రాయునది.

నిన్న రాత్రి నువ్వు ఫోన్లో "మామా, మంచి డీఎస్ఎల్ఆర్ ఒకటి చెప్పు, కొనేస్త" అన్నావు. పేరు చెప్పి ఊరుకోవడానికి నాకు మనసొప్పలేదు బిడ్డా. సూరత్‌లో నేనున్న ఇరవై ఏడేళ్లలో పగలు మరమగ్గాల సాంచెలు నడిపి, ముహూర్తాల రోజుల్లో లింబాయత్, ఉధనాల్లోని మనవాళ్ల పెళ్లిళ్లకు ఫోటోలు తీశాను. ఆ పనిలో తెలిసింది నీకు కాక ఎవరికి చెప్తాను? అందుకే ఈ ఉత్తరం.

అల్లుడు పెట్టిన నాలుగడుగుల చేపల తొట్టి ముందు నుంచి పాప కదలడం లేదన్నావు. ఫోన్‌తో తీస్తే చేప గీతలా సాగిపోతోందనీ, పాప ముఖం నీలంగా వస్తోందనీ అన్నావు. కెమెరా కొనేముందు ఈ రెండూ ఎందుకు జరుగుతున్నాయో తెలుసుకో. అవి తెలిస్తే ఏం కొనాలో సగం తేలిపోతుంది.

చేపదీ పాపదీ ఒకటే చిక్కు. రెండూ ఒక్కచోట నిలవవు. రెండూ ఉండేది తక్కువ వెలుతురులో. రెండింటి మీదా ఫ్లాష్ కొట్టకూడదు. తొట్టి మీద కొడితే గాజులో తెల్లటి మంట తప్ప ఏమీ రాదు. పాప మీద కొడితే ఉలిక్కిపడుతుంది, ఆ తర్వాత కెమెరా కనబడితేనే ముఖం తిప్పేసుకుంటుంది. కాబట్టి నీకు కావలసింది ఉన్న కాస్త వెలుతురునే ఎక్కువగా లోపలికి తీసుకునే లెన్స్. షాపులో వాళ్లు మెగాపిక్సెళ్ల గురించి గంటసేపు చెప్తారు. మామూలు డీఎస్ఎల్ఆర్లు చాలావరకు 24 మెగాపిక్సెళ్లవే. దాంతో తీసిన ఫోటోను 12 బై 18 అంగుళాల ఆల్బమ్ పేజీకి నిండుగా వేయించినా ఇంకా మిగులుతుంది. ఆ లెక్కను పక్కన పెట్టు.

లెన్స్ మీద ఎఫ్ అనే అంకె ఉంటుంది. అది చిన్నదైనకొద్దీ లెన్స్ కన్ను పెద్దగా తెరుచుకుంటుంది. కెమెరాతో పాటు వచ్చే 18-55 లెన్స్‌ను జూమ్ చేస్తే ఎఫ్ 5.6 దగ్గర ఆగిపోతుంది. ఎఫ్ 1.8 లెన్స్ దానికి దాదాపు పది రెట్ల వెలుతురు ఇస్తుంది. అంటే ఐఎస్ఓ, అదే పాత రీలు స్పీడు లాంటి అంకె, 1600 పెట్టి, అదే తొట్టిని 18-55తో సెకనులో 20వ వంతుకు తీయాల్సి వస్తే, 1.8తో సుమారు 200వ వంతుకు తీయొచ్చు. 20వ వంతులో మీ తొట్టిలోని ఏంజెల్ చేప రెక్క గీతగా మారిపోతుంది. 200వ వంతులో ఆ రెక్క మీది నల్ల పట్టీలు ఒక్కొక్కటి కనబడతాయి. పాప చప్పట్లు కొట్టినప్పుడు వేళ్లు కూడా అంతే. మా రోజుల్లో 400 స్పీడు రీలు ఎక్కిస్తే ఆ 36 ఫోటోలూ అయ్యేదాకా అదే గతి. నీకు ఫోటో ఫోటోకూ ఐఎస్ఓ మార్చుకునే వీలుంది. 3200 దాకా భయపడకుండా పెంచు. కొంచెం గరుకు కనబడినా కదలని ఫోటో వస్తుంది.

ఇక ఏది కొనాలి? నా మాటైతే నికాన్ డి5600, దాంతో 35 ఎం.ఎం. ఎఫ్ 1.8 లెన్స్. 18-55 జత వస్తే మంచిదే, రాకపోయినా బెంగపడకు. నా దగ్గర నికాన్ లెన్స్ ఉందని నీకు తెలుసు కనుక దాని కోసం చెప్తున్నాననుకుంటావేమో. అందుకు కాదు, నీ ఇల్లు తలచుకుని చెప్తున్నాను. దిండోలీలో మీ ముందుగది పది బై పన్నెండు అడుగులు. ఈ కెమెరాల సెన్సర్ పాత రీలు కన్నా చిన్నది కాబట్టి ప్రతి లెన్సూ మరింత దగ్గరగా చూపిస్తుంది. కెనాన్‌లో అందరూ కొనే 50 ఎం.ఎం. 1.8 మంచి లెన్సే, ధర తక్కువే. కానీ కెనాన్ మీద అది 80 లాగా పనిచేస్తుంది. ఆ గదిలో గోడకు ఆనుకుని నిలబడినా పాప తప్ప చుట్టూ ఉన్నది పెద్దగా పట్టదు. పాప వెనక తొట్టి, తొట్టి పక్కన నాయనమ్మ కలిసి రావాలంటే 35 కావాలి. నికాన్ మీద అది 52కి సమానం, మన కంటికి దగ్గరి చూపు.

కెనాన్ 200డి మార్క్ 2ని కూడా తీసిపారేయను. దాని తెరను ఎటైనా తిప్పుకోవచ్చు. కంటితో కాక తెర మీద చూసి తీసేవాళ్లకు అది చాలా వేగంగా ఫోకస్ పడుతుంది. డి5600కీ తిరిగే తెర ఉంది గానీ తెర మీద ఫోకస్ నిదానం. నువ్వు ఎప్పుడూ తెర మీదే చూస్తానంటే ఆ కెనాన్‌కు పలుచటి 24 ఎం.ఎం. ఎఫ్ 2.8 లెన్స్ జత చేసుకో. వెలుతురు మాత్రం 1.8తో పోలిస్తే సగం కన్నా తక్కువకు పడిపోతుంది. కన్ను ఆనించి తీయడం నేర్చుకుంటావనే నమ్మకంతో నేను నికాన్ అంటున్నాను.

డీఎస్ఎల్ఆర్లు పాతబడ్డాయి, మిర్రర్‌లెస్ కొనమని నీ ఆఫీసులో ఎవరో అన్నారట. వాళ్ల మాట తప్పు కాదు. 2018లో నికాన్, కెనాన్ రెండూ పెద్ద సెన్సర్ మిర్రర్‌లెస్‌లు తెచ్చాయి. అప్పటి నుంచి వాటి కొత్త పని ఎక్కువగా అటే. నీకు ఇది కలిసొచ్చే సంగతి. చాలామంది అటు మారుతూ తమ డీఎస్ఎల్ఆర్లూ లెన్సులూ అమ్మేస్తున్నారు. నికాన్ ఎఫ్ మౌంట్ 1959 నుంచి ఉంది, కెనాన్ ఈఎఫ్ 1987 నుంచి. అన్నేళ్ల లెన్సులు చేతులు మారుతున్నాయి. కనుక సెకండ్ హ్యాండ్‌లో కొను, మిగిలిన డబ్బు లెన్స్ మీద పెట్టు. సూరత్‌లో నచ్చింది దొరకకపోతే పొద్దున్నే ఫ్లయింగ్ రాణి ఎక్కి ముంబై బోరా బజార్ చూసి రాత్రికి ఇల్లు చేరొచ్చు.

సెకండ్ హ్యాండ్‌లో నేను దెబ్బతిన్న చోటు ఒకటుంది, అది నీకు జరగకూడదు. ఒక వానాకాలం, ఒక దుకాణంలో జూమ్ లెన్స్ కొన్నాను. బయట మెరిసిపోతోంది. రెండు పెళ్లిళ్లు తీశాక చూస్తే దీపాలన్నింటి చుట్టూ పొగలా వచ్చింది. లోపలి గాజు మీద సాలెగూడు లాంటి తెల్లటి బూజు. ఒక పెళ్లికూతురి నాయనకు సగం డబ్బు తిరిగిచ్చేశాను. అందుకే లెన్స్‌ను వెలుతురుకు ఎత్తి, దాని కన్ను పూర్తిగా తెరిచి, వెనక నుంచి ఫోన్ టార్చి వేసి చూడు. దారాల్లాంటివి కనబడితే ఎంత తగ్గించినా వద్దను. కెమెరా ఎన్ని ఫోటోలు తీసిందో షటర్ లెక్క అడిగి తెలుసుకో. సముద్రపు గాలి తగిలే ఊరు మీది. వానాకాలంలో దాన్ని తోలు సంచిలో పెట్టి మరిచిపోకు. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి ఉంచు. వారానికోసారైనా బయటికి తీసి వాడు.

తొట్టి దగ్గర పని ఇలా చెయ్యి. రింగ్ రోడ్డు మార్కెట్లో రెండు మీటర్ల నల్ల గుడ్డ కొను, మెరుపు లేనిది. గదిలో దీపాలార్పి తొట్టి దీపం ఒక్కటే ఉంచు. నువ్వు కూడా ముదురు రంగు బట్టలు కట్టుకో, లేకపోతే నీ చీర రంగే గాజులో చేపల మధ్య తేలుతుంది. గాజును రెండువైపులా తుడిపించు, లోపలి నాచు కెమెరాకు కంటికన్నా ఎక్కువ కనబడుతుంది. బుడగలు అడ్డమొస్తే ఫిల్టరు కాసేపు ఆపు, అయిపోగానే మళ్లీ వెయ్యడం మరవకు. లెన్స్‌ను గాజుకు నిటారుగా పట్టు. ఏటవాలుగా పడితే నీరు కాంతిని వంచి చేప అంచులకు రంగు చారలు తెస్తుంది. 35 లెన్స్‌కు సెన్సర్ నుంచి 30 సెంటీమీటర్లయినా దూరం కావాలి. చేప గాజు దగ్గరికొస్తే ఫోకస్ పట్టదు. అప్పుడు జానెడు వెనక్కి జరిగి, ఆ నల్ల గుడ్డను నీ తల మీదుగా తొట్టి దాకా కప్పుకో. పాతకాలపు స్టూడియోలో ఫోటోగ్రాఫర్ ముసుగేసుకుని తీయడం మీ అమ్మ చూసింది, అడుగు.

ఏంజెల్ చేప వల్ల నీకొక మేలుంది. అది బల్లపరుపుగా ఉంటుంది. పక్కకు తిరిగి నిలబడినప్పుడు ముక్కు నుంచి తోక దాకా గాజుకు ఒకే దూరంలో ఉంటుంది కాబట్టి ఎఫ్ 2.8లో కూడా అంతా స్పష్టంగా వస్తుంది. ఎదురుగా వస్తే కన్ను మాత్రమే నిలుస్తుంది. దాని వెంట పడకు. ఒక మొక్క మీద ఫోకస్ పెట్టుకుని అది అక్కడికొచ్చేదాకా ఆగు. చౌక ఎల్ఈడీ దీపాలు కరెంటుతో పాటు సెకనుకు వందసార్లు మినుకుతాయి. ఫోటోలో అడ్డ చారలు వస్తే షటర్‌ను 100వ వంతుకు దించు. ముఖం నీలంగా వచ్చే చిక్కు ఆ దీపం రంగుదే. రా ఫైల్‌లో తీసుకుంటే తర్వాత కంప్యూటర్‌లో చాలావరకు సరిచేసుకోవచ్చు. పోలరైజర్ ఫిల్టర్ కొనమంటే వద్దను. నిటారుగా చూసే గాజు మీద దాని ఉపయోగం దాదాపు లేదు, పైగా ఉన్న వెలుతురును సగానికి పైగా తినేస్తుంది.

ఇంట్లో చెయ్యి తిరిగాక పాల్ ప్రాంతంలోని జగదీశ్‌చంద్ర బోస్ అక్వేరియానికి పాపను తీసుకెళ్లు. 2014లో తెరిచారు. ఆదివారం వద్దు, జనం ఫోన్ల వెలుగు ప్రతి గాజులోనూ పడుతుంది. కెమెరాకు అనుమతి ఉందో లేదో టికెట్ దగ్గరే అడుగు. పెద్ద తొట్టి ముందు చేపను తీయాలని చూడకు. పాపను గాజు దగ్గర నిలబెట్టి, నువ్వు వెనక నేల మీద కూర్చుని, నీలి వెలుగులో ఆమె నీడను తియ్యి. ఇంట్లోనైనా అంతే, నేల మీద కూర్చుని పాప కళ్ల ఎత్తు నుంచి తియ్యి. పొద్దున కిటికీ వెలుతురుకు మించిన దీపం నేను చూడలేదు.

ఒక్కటి గట్టిగా చెప్తాను. రోజూ కాసేపైనా కెమెరా అల్లుడి చేతికో, మీ అత్తగారి చేతికో ఇవ్వు. నేను వందల పెళ్లిళ్లు తీశాను. బతుకమ్మ నాడు మీ అత్త, మీ అమ్మ పక్కపక్కన ఆడుతుంటే తీశాను. వాళ్లతో నేనున్న ఫోటోలు నాలుగో ఐదో.

అవి కూడా ఇప్పుడు లేవు. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నుంచి వదిలిన నీళ్లతో తాపీ నది పొంగి ఊరి మీద పడ్డప్పుడు మనం వేడ్ రోడ్డులో ఉన్నాం. నీకు ఆరేళ్లు. నిన్ను భుజానెత్తుకుని మేడెక్కాను గానీ కింద ఇనుప పెట్టెలోని నెగిటివ్‌లు గుర్తు రాలేదు. నీళ్లు తీశాక చూస్తే అన్నీ అట్టలా అతుక్కుపోయాయి. మీ అమ్మ పెళ్లి, నీ నామకరణం అందులోనే పోయాయి. నీ మొదటి పుట్టినరోజుది ఒక్క ఫోటో మిగిలింది. సిరిసిల్లలో మా అమ్మకు కవరులో పంపాను కాబట్టి. అందుకే మెమరీ కార్డును పెట్టె అనుకోకు. ఇంట్లో ఒక హార్డ్ డిస్క్, వేరే ఊళ్లో ఇంకొకటి ఉండాలి. నెలకు పది ఫోటోలైనా కాగితం మీద వేయించు.

నా పాత 50 ఎం.ఎం. 1.8 లెన్స్ దసరాకు వచ్చేటప్పుడు తెస్తాను. డి5600లో ఫోకస్ మోటారు లేదు కనుక దానికి ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి. పాప నిద్రపోతున్నప్పుడు తియ్యడానికి అది చాలు. మొదటి వారం తీసిన వాటిలో నీకు నచ్చిందొకటి ప్రింటు వేయించి ఇక్కడికి పోస్టు చెయ్యి. ముందుగదిలో నీ మొదటి పుట్టినరోజు ఫోటో పక్కన మేకు కొట్టి ఉంచాను.

మీ మామ