రెండవ ప్రతి

పూర్వకాలమున మన గ్రంథములు తాటాకులపై వ్రాయబడెడివి. ఆకును ఎంత జాగ్రత్తగా పదును చేసినను అది చెదలకును, తేమకును, అగ్నికిని లొంగక తప్పదు. అందుచేత ఒక ప్రతి శిథిలము కాకమునుపే పండితులు మరియొక ప్రతిని వ్రాసి ఉంచెడివారు. అట్లు ప్రతి వ్రాయబడని గ్రంథము ఆ ఒక్క ఆకులకట్టతోనే నశించెడిది. చార్లెస్ ఫిలిప్ బ్రౌను (1798–1884) కడపలో పండితులను నియమించి తెలుగు గ్రంథములకు ప్రతులు వ్రాయించెను. ఒకే కావ్యమునకు పలు ప్రతులు సేకరించి, వానిని సరిపోల్చి, తప్పులు దిద్దించెను.

స్మార్ట్‌ఫోనులు, టాబ్లెట్లు నేటి తాళపత్రములు. తాతగారి ఛాయాచిత్రములు, అమ్మమ్మ పాడిన జోలపాట, బంధువుల ఫోను నంబర్లు, మీరు వ్రాసికొన్న పాఠములు అన్నియు వానియందే ఇమిడియున్నవి. ఆ పరికరము నీటిలో పడినను, బస్సులో జారిపోయినను, దొంగల పాలైనను, అవి అన్నియు ఒక్కసారిగా పోవును. ఫోనును మరల కొనవచ్చును. గతించిన తాతగారి కంఠస్వరమును ఏ అంగడిలోను కొనజాలము.

కావున వీనికిని రెండవ ప్రతి ఉండవలయును. దానినే బ్యాకప్ అందురు. ఆ ప్రతిని ఇంటర్నెట్టు ద్వారా దూరమున నున్న భాండారమునకు పంపి దాచుట క్లౌడు బ్యాకప్. క్లౌడు అనగా మేఘము. ఆ పేరు విని మన చిత్రములు ఆకాశమున తేలుచున్నవని భ్రమపడరాదు. అవి భూమిపైననే, డేటా కేంద్రములను పెద్ద భవనములలో, వేలకొలది కంప్యూటర్లయందు భద్రపరుపబడును. దారిలో ఇతరులు చదువకుండునట్లు సమాచారము సంకేతరూపమునకు మార్చబడి ప్రయాణము చేయును. మొదటిసారి సమస్తమును పంపవలసియుండుటచే చాలసేపు పట్టును. పిదప క్రొత్తగా చేరినవియు, మారినవియు మాత్రమే పోవును.

ఆండ్రాయిడ్ ఫోనులలో సెట్టింగులయందు గూగుల్ అను భాగమున బ్యాకప్ ఏర్పాటు కలదు. ఛాయాచిత్రములకు గూగుల్ ఫొటోస్‌లో వేరుగా ఆ ఏర్పాటు చేయవలయును. ఐఫోనులో సెట్టింగులు తెరచి, పైనున్న మన పేరును తాకి, ఐక్లౌడ్‌లో దానిని చూడవచ్చును. ఐఫోను వైఫైతోను విద్యుత్తుతోను కూడి, తెర మూయబడి యున్నప్పుడు, ఈ పని తనంతట తానే జరుగును. గూగుల్ ఉచితముగా ఇచ్చు స్థలము 15 జీబీలు. ఆపిల్ ఇచ్చునది 5 జీబీలు. ఆ స్థలము నిండినచో క్రొత్త చిత్రములు పోవుట ఆగిపోవును. ఆ హెచ్చరికను చూచియు చూడనట్లుండుటచే నష్టపోవువారు పెక్కుమంది.

ఇందొక సూక్ష్మము గలదు. కొన్ని ఏర్పాటులు అద్దము వంటివి. ఫోనులో ఏమి జరిగిన అక్కడను అదియే జరుగును. ఐక్లౌడ్ ఫొటోస్ ఇట్టిదే. ఫోనులో చిత్రమును తొలగించిన భాండారమునుండియు అది తొలగిపోవును. తొలగించిన చిత్రములు కొన్నిదినములు వేరొక అరలో ఉండి, గడువు తీరగానే శాశ్వతముగా మాయమగును. ‘క్లౌడులో ఉన్నది కదా’ అని ఫోనులో చెరిపివేయుటకు ముందు, అది అద్దమో పెట్టెయో తెలిసికొనవలయును.

భాండారముకూడ అగ్నికి అతీతము కాదు. 2025 సెప్టెంబరు 26వ తేదీన దక్షిణ కొరియాలోని డేజాన్ నగరమున ప్రభుత్వ డేటా కేంద్రములో అగ్నిప్రమాదము సంభవించెను. ఉద్యోగులు తమ పత్రములను దాచుకొనెడి ‘జీ డ్రైవ్’ అను భాండారము దగ్ధమయ్యెను. అందలి సమాచారము 858 టెరాబైట్లు. అంతటి భాండారమునకు వేరొకచోట ప్రతి లేకపోయెను! మేఘమని పేరు పెట్టినంతమాత్రమున మంట అంటకపోదు. కావుననే మిక్కిలి ప్రియమైన వానిని క్లౌడుతోపాటు ఇంటిలోని కంప్యూటరునందో, పెన్‌డ్రైవునందో కూడ ఉంచుట వివేకము.

మరి రెండు జాగ్రత్తలు కలవు. మొదటిది తాళపుచెవి. ఖాతా తెరచుటకు పాస్‌వర్డు కావలయును. దానిని ఫోనులో మాత్రమే వ్రాసికొనుట, తాళపుచెవిని పెట్టెలో నుంచి పెట్టెకు తాళము వేయుట వంటిది. దానిని కాగితముపై వ్రాసి, ఇంటిలో పెద్దల యొద్ద భద్రముగా నుంచవలయును, ఇతరులకు చెప్పరాదు. రెండవది పరీక్ష. బ్రౌను ప్రతులను సరిపోల్చినట్లే మనమును అప్పుడప్పుడు వేరొక పరికరమునుండి ఖాతా తెరచి, నిన్నటి చిత్రము అక్కడకు చేరినదో లేదో చూడవలయును. తెరచి చూడని ప్రతిని నమ్ముట, చూడని ధాన్యమునకు గాదె కట్టుట వంటిది.

విద్యార్థులారా! మీ ఇండ్లలో ఫోనుయొక్క మర్మములు పెద్దలకంటె మీకే ఎక్కువగా తెలిసియుండును. తాతలయొక్కయు తల్లిదండ్రులయొక్కయు ఫోనులకు ఈ ఏర్పాటు ఉన్నదో లేదో వారి అనుమతితో నేడే చూడుడు. ఒకనాడు పండితులు ఆకుపై గంటము పట్టి దినములకొలది చేసిన పనిని నేడు మీరు కొద్దిసేపటిలో చేయగలరు. వస్తువు పోయిన పిదప ప్రతి వ్రాయుట ఎవరికిని సాధ్యము కాదు.