పంచాయతీ భూములు, జంతువుల దారులు
(గ్రూప్స్ అభ్యర్థుల కోసం)

కారిడార్ అంటే?
విడివిడిగా మిగిలిన రెండు ఆవాసాల మధ్య వన్యప్రాణులు తిరిగే దారి. అది మూసుకుపోతే చిన్న మందలు తమలో తామే జతకట్టి బలహీనపడతాయి. కరవు ఏడాది నీళ్లున్న చోటికి చేరలేవు.

గోరంట్లలో పరిస్థితి
శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల చిత్రావతి ఒడ్డున ఉంది. చుట్టూ రాతి గుట్టలు, బీళ్లు, వేరుశనగ చేలు. మండలంలోని పాలసముద్రం మీదుగా 44వ జాతీయ రహదారి వెళ్తుంది. ఇదే రహదారిపై మహారాష్ట్రలోని పెంచ్ దగ్గర జంతువులు దాటడానికి 9 అండర్‌పాస్‌లు, వంతెనలు కట్టారు. అది పులుల అడవి కాబట్టి కట్టారు. బీళ్లలో తిరిగే తోడేలుకు, కృష్ణజింకకు ఆ పలుకుబడి లేదు.

పంచాయతీ చేతిలో ఏముంది?
అసలు విషయం ఇదే. 1994 ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం 58వ సెక్షన్ ప్రకారం మేత పోరంబోకు, కళ్లాలు, శ్మశానాలు, పశువుల మందబయళ్లు, బండ్లబాటలు, తోపులు గ్రామ పంచాయతీకి దఖలు పడతాయి. గుట్టకూ గుట్టకూ మధ్య మిగిలిన ఖాళీలో కొంత ఇదే. ఆక్రమణలకు ముందు గురయ్యేదీ ఇదే.

2002 జీవవైవిధ్య చట్టం 41వ సెక్షన్ ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలంటుంది. ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయించడం దాని ముఖ్యమైన పని. మొక్కల పేర్లతో సరిపెట్టకుండా, ఏ వంక వెంట ఏ జంతువు వస్తుందో గొర్రెల కాపరులను అడిగి సర్వే నంబర్లతో రాయాలి. రిజిస్టర్ దానంతటదే రోడ్డును ఆపలేదు. కానీ అభ్యంతరం చెప్పేటప్పుడు చేతిలో కాగితం ఉంటుంది.

ఒక్క చోటును కాపాడితే చాలదనడానికి దగ్గర్లోనే ఉదాహరణ ఉంది. ఇదే జిల్లా చిలమత్తూరు మండలం వీరాపురంలో పెయింటెడ్ స్టార్క్‌లు ఊరి చెట్లపై గూళ్లు కడతాయి. (సైబీరియా కొంగలని పత్రికలు రాస్తుంటాయి, అవి మన ఉపఖండపు పక్షులే.) మేత మాత్రం చెరువుల్లో. చెట్టును కాపాడి చెరువును ఎండబెడితే పిల్లలు బతకవు.

తికమక పడే సెక్షన్లు
వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 36ఏ కన్జర్వేషన్ రిజర్వ్: ప్రభుత్వ భూమిలో, ముఖ్యంగా రక్షిత ప్రాంతాలను కలిపేచోట, స్థానికులను సంప్రదించాక ప్రకటిస్తారు. 36సీ కమ్యూనిటీ రిజర్వ్: ప్రజలు స్వచ్ఛందంగా ముందుకొచ్చిన సొంత లేదా ఉమ్మడి భూమి. గోరంట్ల లాంటి చోటికి రెండోదే నప్పుతుంది.

కవ్వాల్, తడోబా పులుల అడవుల మధ్య దారి కోసం తెలంగాణ 2025 మేలో కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వ్‌ను ప్రకటించింది. ఆదివాసీల నిరసనతో జులైలో ఆ ఉత్తర్వును నిలిపివేసింది. మెయిన్స్‌లో సంప్రదింపుల గురించి రాసేటప్పుడు ఈ ఉదాహరణ వదలకండి.