గాలి మోయు బండి

గాలికి బరువు మోయు శక్తి కలదని చెప్పినచో నమ్ముటకు కొంత కష్టముగా నుండును. కాని సైకిలెక్కి బడికి వచ్చు బాలబాలికలందరును ఆ శక్తిమీదనే కూర్చుండి వచ్చుచున్నారు. కొన్ని పెద్ద బస్సులకు ఇనుప పట్టీల స్ప్రింగులకు మారుగా నల్లని రబ్బరు గుమ్మటములవంటివి అమర్చబడియుండుట మీలో కొందరు చూచియే యుందురు. అవి గాలి స్ప్రింగులు. కొన్ని ఖరీదైన కార్లకును అట్టివి కలవు. అవి పాతబడినపుడు వానిని ఇంటియొద్ద విప్పుట యెట్లో, ఆ పనిలో ప్రాణహాని కలుగకుండ మెలగుట యెట్లో ఈ వ్యాసమున వివరింతును.

అమెరికాలో 1957లో వెలువడిన క్యాడిలాక్ ఎల్డొరాడో బ్రోమ్ అను కారునకు నాలుగు చక్రముల యొద్దను గాలి స్ప్రింగులే యుండెను. జర్మనీలో 1963లో వెలువడిన మెర్సిడెస్ బెంజ్ 600 అను పెద్ద కారునకును, ఆ సంస్థవారే 1998లో వెలువరించిన ఎస్ క్లాస్ కారునకును ఇట్టి యమరిక చేయబడినది. ఇందు రెండు సుగుణములు కలవు. బండిలో నొక్కరున్నను ఐదుగురున్నను, గాలిని హెచ్చించియో తగ్గించియో బండి యెత్తును ఒక్కరీతిగా నుంచవచ్చును. బరువుతోపాటు స్ప్రింగు బిగువును పెరుగును గావున ప్రయాణపు మెత్తదనము అంతగా చెడదు. లోపమేమనగా, ఇనుము చిరకాలము నిలుచును. రబ్బరు మాత్రము వేడికిని, ధూళికిని, ఎడతెగని మడతలకును లోనై కొన్ని యేండ్లకు చిట్లును.

స్ట్రట్టనగా చక్రపు భాగమునకును బండి శరీరమునకును నడుమ నిలుచు ఊతకంబము. దానిలో కుదుపు నణచు షాక్ అబ్జార్బరును, దాని చుట్టు రబ్బరు గాలిసంచియు నుండును. విద్యుత్తుతో నడచు కంప్రెసరు గాలిని కవాటముల పెట్టెకు పంపును. ఆ పెట్టె సన్నని గొట్టముల ద్వారా నాలుగు సంచులకును గాలిని పంచును.

ఇచ్చట ఒక చిన్న లెక్క చేయుదము. కారు బరువు 1,900 కిలోగ్రాములనుకొందము. ఒక్కొక్క మూలకు 475 కిలోగ్రాములు వచ్చును. గాలిసంచి బరువు మోయు వైశాల్యము 60 చదరపు సెంటీమీటర్లైనచో, ప్రతి చదరపు సెంటీమీటరునకును దాదాపు 8 కిలోగ్రాముల పీడనము కావలయును. సామాన్యముగా కారు టైరులో నుండు పీడనమునకు ఇది మూడింతలకు పైబడినది. ఇంత బరువును మోయుచున్నది కంటికి కనబడని గాలి. అది జారిపోయినచో ఆ బరువు మాయము కాదు. క్రింద నేమి దొరికిన దానిపై పడును.

ఈ సంగతి నాకు పుస్తకమువలన తెలిసినది కాదు. హోసూరులో మా చిన్నాయన ఒక పాత విదేశపు కారును కొనిరి. ప్రతి ఉదయమున దాని ముందు ఎడమ మూల క్రుంగియుండెడిది. గాలి యెచ్చట పోవుచున్నదో చూతమని జాకీతో ఆ మూలను పైకెత్తితిమి. ముందునాటి వానకు నేల మెత్తబడియున్నది. మా తమ్ముడు సబ్బునీళ్ల ప్లాస్టిక్ చెంబును టైరుమీద నుంచి, “అన్నా, సంచి మడతలో చెయ్యి పెట్టి చూడనా?” అని వంగెను. చిన్నాయన వాని భుజము పట్టి వెనుకకు లాగి, “నాయనా, ఆ బరువును ఇప్పుడు ఎవరు మోస్తున్నారో చెప్పి, తరువాత చెయ్యి పెట్టు” అనిరి. వాడు సమాధానము చెప్పకమునుపే జాకీ పాదము మంటిలో దిగబడి ఒరిగెను. బండి క్రిందికి కూలెను. టైరునకును పై రేకునకును నడుమ ఆ చెంబు అప్పడమువలె నలిగెను.

పల్లకి మోయు బోయీలు భుజము మార్చుకొనునపుడు, రెండవవాని భుజము క్రిందికి వచ్చినదని తెలిసిన పిమ్మటనే మొదటివాడు తప్పుకొనును. స్ట్రట్టును విప్పు పనియంతయు ఇట్టి భుజముల మార్పే. ఒక్కొక్క మెట్టునకు ముందు “బరువు నెవరు మోయుచున్నారు?” అని ప్రశ్నించుకొనవలయును.

మొదట దోషమును నిర్ణయింపవలయును. సబ్బునీటిని గొట్టము తగులుచోటను, సంచి మడతలయందును పూసినచో గాలి పోవుచోట బుడగలు లేచును. ఈ పరీక్షకు బండి నేలమీదనున్నను చేతిని ఇరుకులో దూర్చరాదు, కుంచెతో పూయవలెను. సంచి కారుచుండగా కంప్రెసరును మార్చుట వ్యర్థము. కారుడు సంచిని నింపుటకు ఎడతెగక తిరిగియే అనేక కంప్రెసర్లు చెడును.

పిమ్మట గట్టి సమతల నేలపై బండిని నిలిపి, చేతిబ్రేకు వేసి, ఎత్తబోవని చక్రములకు ముందు వెనుకల అడ్డుదిమ్మలు పెట్టవలయును. చక్రపు బోల్టులను నేలమీదనే కొంచెము వదులు చేయవలెను. తాళము తీసినను కొన్ని బండ్లు తమంతట తామే ఎత్తును సరిచేసికొనును. గావున జాకీతో నెత్తునపుడు ఆ యమరికను ఆపు మీట ఉన్నచో దానిని వాడి, బ్యాటరీ రుణధ్రువపు తీగను విప్పి యుంచవలయును.

బండి తయారుచేసినవారు చూపిన చోటనే జాకీ నుంచి, రెండు ప్రక్కలను ఎత్తి, గట్టి చోటుల క్రింద ఇనుప స్టాండులు నిలుపవలయును. జాకీ యెత్తుటకే గాని మోయుటకు కాదు. స్టాండులపై దింపిన పిదప బండిని చేతులతో ఊపి చూడవలెను. విప్పిన చక్రమును బండి అంచు క్రింద పరుండబెట్టినచో అదియు నొక రక్ష. ఇప్పుడు బరువు గాలినుండి స్టాండులకు మారినది.

చక్రమును తీసిన పిమ్మట క్రింది చేతికి రెండవ జాకీ ఊత నిచ్చి, కంటికద్దములు ధరించి, స్ట్రట్టు తలయందలి గాలిగొట్టపు నట్టును కొంచెము కొంచెముగా వదులు చేయవలయును. బుస్సుమను శబ్దము పూర్తిగా ఆగువరకు గొట్టమును లాగరాదు. ముఖమును దానికి ఎదురుగా నుంచరాదు. కొన్ని స్ట్రట్టులలో కొంత పీడనమును నిలిపియుంచు కవాటముండును గావున, శబ్దమాగినను సంచి ఖాళీయైనదని తలపరాదు. ధూళి చొరకుండ గొట్టపు కొనను శుభ్రమైన టేపుతో మూయవలెను. ఇసుకరేణువు చేరినను కవాటములు చెడును.

తరువాత విద్యుత్ తీగలను విప్పి, క్రింది బోల్టును తీయవలయును. బ్రేకు గొట్టముమీదను సెన్సారు తీగమీదను చక్రపు భాగము వ్రేలాడకుండ కమ్మితో కట్టవలెను. పైనున్న నట్టులలో నొక దానిని కడపటివరకు నుంచి, ఒకరు స్ట్రట్టును పట్టుకొనగా దానిని తీయవలయును. నట్టనడుమ నుండు పెద్ద నట్టును మాత్రము ముట్టరాదు. అది స్ట్రట్టు అవయవములను బంధించియుండును.

క్రొత్తదానిని బిగించునపుడు ముఖ్యనియమ మొకటి కలదు. ఖాళీ సంచిమీద బండి బరువు దింపరాదు. మడత తప్పి, క్రొత్త రబ్బరు మొదటినాడే చిరుగును. బండి స్టాండులమీద నుండగనే, క్రింద నెవ్వరును లేకుండ చూచి, సంచిని గాలితో నింపి, పిదప మెల్లగా దింపవలయును. రబ్బరు కీలున్న బోల్టులను బండి తన సహజమైన ఎత్తున నిలిచినపుడే తుదిసారి బిగింపవలెను. చక్రముల వరుసను పరీక్ష చేయింపవలెను. పాత స్ట్రట్టును కోయుటగాని కాల్చుటగాని కూడదు. దాని షాక్ అబ్జార్బరులో వాయువు బిగించబడి యుండును.

మేము పని ముగించిన రాత్రి చక్రపు నడిమినుండి పై రేకు అంచువరకు టేపుతో కొలిచితిమి. మరునాటి ఉదయమున కొలత మారలేదు.

ఇది విద్యార్థులు ఒంటరిగా చేయదగిన పని కాదు. స్టాండులు లేనివారును, పక్కన అనుభవజ్ఞుడు లేనివారును పనిశాలకు పోవుటయే మేలు. కాని మన హోసూరు కర్మాగారములలో రేపు పనికి కుదురు విద్యార్థులు పలువురున్నారు. యంత్రమేదైనను, విప్పుటకు ముందు ఆ ప్రశ్న వేసికొనుడు. నలిగిన ఆ చెంబును చిన్నాయన పారవేయనీయలేదు. పనిముట్ల పెట్టెలో, జాకీమీద, మూత తీయగనే కనబడునట్లు ఉంచిరి.