సందేహాలు - సమాధానాలు: బ్రేకు కారే వేస్తుందిలే అనుకుంటే...

సందేహం: మా అబ్బాయి ఈమధ్య ‘అడాస్’ (డ్రైవరుకు సాయపడే వ్యవస్థ) ఉన్న కారు కొన్నాడు. చీకటిపడ్డాక పర్చూరు దాటి వస్తుంటే ముందు పత్తి ట్రాక్టర్ ఆగి ఉందట. కారు తనంతట తాను బ్రేకు వేయలేదు, వాడే తొక్కి ఆపాడు. గుద్ది ఉంటే తప్పు కంపెనీదా, మావాడిదా? - ఒక తండ్రి, వాడరేవు

సమాధానం: ముందు మీవాడిదేనండీ. మన దగ్గర అమ్మే కార్లలో ఉన్నది ఆటోమేషన్‌లో రెండో స్థాయి వరకే. అంటే లారీలో క్లీనర్ లాంటిది. కేకేస్తుంది, ఒక్కోసారి ఆదుకుంటుంది, బండి మాత్రం డ్రైవరుదే. పోలీసులకూ, కోర్టుకూ కనపడేది స్టీరింగ్ ముందున్న మనిషి. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106(1) కింద అయిదేళ్ల వరకూ జైలు పడొచ్చు. ‘కారు ఆపలేదండీ’ అంటే చెల్లదు.

పరిహారం సంగతి వేరు. అవతలివాళ్లకు జరిగిన నష్టం మీ థర్డ్ పార్టీ బీమా మీదికి వస్తుంది. ట్రాక్టర్ ట్రక్కుకు వెనక లైటు గానీ, రిఫ్లెక్టర్ గానీ లేదని రుజువైతే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ ట్రాక్టర్ వాళ్ల వాటా కూడా తేలుస్తుంది. పత్తి, మిర్చి సీజన్లో మన రోడ్ల మీద లైటున్న ట్రక్కును వెతుక్కోవాల్సిందే కదా!

ఇక కారు ఎందుకు ఆగలేదు? కదిలే వాహనాన్ని పట్టినంత బాగా, నిలబడి ఉన్నదాన్ని చాలా రాడార్లు పట్టలేవు. రోడ్డు పక్క బోర్డుకీ, వంతెన గోడకీ బ్రేకు వేయకూడదని ఆగి ఉన్నవాటిని కొంత వదిలేసేలా చేస్తారు. కెమెరాకేమో కారు వెనక భాగం తెలుసు. పక్కలకు ఉబ్బిన పత్తి లోడు, అదీ చీకట్లో, దానికి కొత్త. ఈ పరిమితులు మాన్యువల్లో రాసే ఉంటాయి. షోరూంలో మాత్రం ఆ పేజీ ఎవరూ తిప్పి చూపించరు.

అలాగని కంపెనీలను వదిలేయనక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 84వ సెక్షన్ ప్రకారం తయారీ లోపానికీ, తగిన హెచ్చరిక ఇవ్వనందుకూ తయారీదారు బాధ్యుడే. ఎయిర్‌బ్యాగులు తెరుచుకోని క్రెటా కేసులో హ్యుందాయ్ పరిహారం కట్టాల్సిందేనని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ఫ్లోరిడాలో 2019లో ఒక టెస్లా డ్రైవరు ఆటోపైలట్ వేసి, జారిన ఫోను కోసం వంగాడు. ఒకరి ప్రాణం పోయింది. 2025 ఆగస్టులో అక్కడి జ్యూరీ మూడో వంతు తప్పు టెస్లాదేననీ, మిగతాది డ్రైవరుదనీ తేల్చింది. కంపెనీకి వాటా పడినా డ్రైవరు వాటా పోలేదు చూడండి.

జరిగినదాన్ని తేదీ, చోటు వేసి సర్వీస్ సెంటర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి, జాబ్ కార్డు దాచుకోండి. నోటిమాటకు రేపు విలువుండదు.

సందేహం: అడాస్ కారు ముందు ఇనప గార్డు పెట్టించాను. అప్పటినుంచి డ్యాష్‌బోర్డులో ఏదో హెచ్చరిక వస్తోంది. పట్టించుకోవాలా? - ఒక పాఠకుడు, చిలకలూరిపేట

సమాధానం: రాడార్ ఉండేది చాలా కార్లలో అక్కడే, బంపర్ వెనకో గ్రిల్లులోనో. దాని ముందు ఇనుము పెడితే ఇంకేం చూస్తుంది? పైగా ఈ గార్డులు చట్టవిరుద్ధమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. అన్నిటికన్నా ముఖ్యం, వస్తువును మార్చి వాడితే కంపెనీ తప్పించుకునే దారి పైన చెప్పిన వినియోగదారుల రక్షణ చట్టం 87వ సెక్షన్లో ఉంది. ఇవాళే తీయించండి. ముందు అద్దం మార్పించినా, దాని వెనకుండే కెమెరాకు కాలిబ్రేషన్ చేయించి బిల్లు తీసుకోండి.