ఉలవ గుగ్గిళ్లు

విజయవాడ, వన్‌ టౌన్‌

చిన్నా,

నువ్వు పంపిన ఫొటోలో నీ మొహం కంటే ముందు నీ చెయ్యి చూశాను. గోళ్ల నిండా మట్టి, మణికట్టు మీద గాటు. కరిచిందేమిట్రా? ధనుర్వాతం ఇంజక్షన్‌ గుర్రానికి చేయించడం మరిచిపోవు, నీకు చేయించుకోవడమే మరిచిపోతావు.

ఆ తెల్లదాని సంగతి మీ అమ్మ చెప్పింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌ నగర్‌ మునిగినప్పుడు పొట్టలోతు నీళ్లలో కట్టుగొయ్యకి కట్టేసినట్టే ఉండిపోయిందట, పెళ్లి ఊరేగింపులకి తిప్పే గుర్రమట, మీరు విప్పుకొచ్చేసరికి గిట్టలు నాని కంపు కొడుతూ పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉందట. జాలిపడి ఎవరో దాణా బస్తా తెస్తే నువ్వు వద్దని పక్కన పెట్టేశావని మీ అమ్మ విస్తుపోయింది. నేను విస్తుపోలేదు. గుర్రానికి వాంతి కాదు, లోపలికి వెళ్లింది వెళ్లినట్టే, ఎండిన కడుపులో ఒక్కసారి గింజలు పడితే ప్రాణం మీదికొస్తుందని నువ్వు గన్నవరం కాలేజీలో చదువుకునే రోజుల్లోనే నాకు చెప్పావు. లూసర్న్‌ గడ్డి గుప్పెడు గుప్పెడుగా, రోజుకి ఆరేసిసార్లు, పది రోజుల పాటు కొంచెం కొంచెం పెంచుకుంటూ పెట్టావట కదా. నీకు టైఫాయిడ్‌ తగ్గాక ఆవకాయన్నం కావాలని నువ్వు మంచం కోడు పట్టుకుని ఏడుస్తుంటే నేను జావే పట్టాను, నా మీద రెండ్రోజులు అలిగావు గుర్తుందా? ఆ గుర్రం కూడా నీ మీద అలిగే ఉంటుంది. ఆ గాటు అందుకేనేమో.

మా నాన్న జట్కా తోలేవాడని నీకు తెలుసు, ఇంతకంటే ఎక్కువ నేనెప్పుడూ చెప్పలేదు. స్టేషన్‌ దగ్గర నుంచి కాళేశ్వరరావు మార్కెట్‌ దాకా, ఒక్కోసారి పటమట దాకా బేరం కట్టేవాడు, "కాస్త వెనక్కి జరగండమ్మా, బరువంతా దాని వీపు మీద పడుతోంది" అంటూనే ఉండేవాడు పాపం, కానీ రోహిణీ కార్తెలో కూడా మిట్టమధ్యాహ్నం తోలేవాడు, రైలు ఎండ చూసుకుని రాదు కదా. బండి లాగే పశువుని రోజుకి 9 గంటలకి మించి తోలకూడదనీ, ఎండ 37 డిగ్రీలు దాటితే 12 నుంచి 3 దాకా అసలు కట్టకూడదనీ 1965లోనే రూలు వచ్చిందని మొన్న నువ్వు చెబితే లెక్కేసుకున్నాను, అప్పటికి నాకు పద్నాలుగేళ్లు. బెజవాడ ఎండలకి ఆ రూలు పాటిస్తే వేసవంతా పొయ్యి వెలగదని నవ్వేవాడేమో నాన్న. అయినా సాయంత్రం కళ్లగంతలు విప్పి, జీను రాసుకుపోయిన చోట ఆముదం రాసి, తాను తినకముందే దానికి పెట్టేవాడు. దాని పేరు రాణి. నా చేతిలోంచి గుగ్గిళ్లు తినేటప్పుడు దాని పెదాలు ఎంత మెత్తగా తగిలేవో, ఎనభై ఏళ్లకి దగ్గరపడుతున్నా ఈ అరచెయ్యి మరిచిపోలేదురా.

నా పెళ్లికి దాన్ని అమ్మేశారు. ఎవరికని నేను అడగలేదు. ఒక కంటికి అప్పటికే పొర కమ్మింది. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని సామెత ఉందే, పనికిరానివాళ్ల తిండి మీద వేసే దెప్పు అది, పెళ్లి పందిట్లో ఎవరో రాణి గురించి ఆ మాటే అని నవ్వారు, నేనూ తలొంచుకుని నవ్వానేమో, పట్టుచీర గరగర తప్ప నాకింకేమీ సరిగ్గా గుర్తులేదు.

నీ తెల్లదానికి కూడా ఎడమకన్ను కనబడదని అమ్మ అంది. అటువైపు నుంచి వెళ్లేటప్పుడు ముందు మాట్లాడు, తరవాత చెయ్యి వెయ్యి. ఊరివాళ్లు ప్రేమగా వరిగడ్డి మోపులు తెచ్చి పడేస్తారు, అది గేదెలకి సరిపోతుంది గానీ దీనికి బలమియ్యదు, కడుపులో గట్టిపడుతుంది; వాళ్లని నొప్పించకుండా పుచ్చుకుని పక్క కింద పరిచెయ్యి. పళ్లు అరగదీయించావా? నువ్వు వేళకి తింటున్నావా?

మీ మావయ్య ఆదివారం కంకిపాడు వైపు వస్తున్నాడు, నన్నూ తీసుకెళ్లమన్నాను. ఉలవలు రెండు కిలోలు ఏరి పెట్టాను. ఇప్పుడు పెట్టొచ్చో లేదో నువ్వే చెప్పాలి, డాక్టరువి. పెట్టొచ్చంటే శనివారం రాత్రే నానబోస్తాను. ఒక్క గుప్పెడే, నా చేత్తో.

అమ్మమ్మ